ఒంటికి తగలక ముందే నోటికి: పసిబిడ్డ తిండి, ఎలర్జీ, ఉబ్బసం గురించి మెట్టు మెట్టుగా

మా పెద్దోడికి అప్పుడు 14వ నెల. కావలిలో ఒక ఆదివారం పొద్దున వాళ్ళ నాన్న తను తింటున్న ఆమ్లెట్లోంచి గోరంత ముక్క తుంచి వాడి నోట్లో పెట్టాడు. ఐదు నిమిషాలు కాలేదు, కింది పెదవి కందిరీగ కుట్టినట్టు ఉబ్బింది, మెడ చుట్టూ దద్దుర్లు లేచాయి, ఆ వెంటనే ఒకటే వాంతులు. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. ఇంజెక్షన్ చేశారు, సాయంత్రానికి తేరుకున్నాడు. నేను తేరుకోవడానికి మాత్రం వారం పట్టింది.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, గుడ్డు ఎప్పుడు మొదలుపెట్టారని. ఏడాది దాటేదాకా ముట్టించలేదండీ అని గర్వంగా చెప్పాను. ఆవిడ వాడి మోచేతి మడతలు తిప్పి చూసి, "ఈ గరుకు ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అన్నారు. నాలుగో నెల నుంచి ఉంది. పొడి చర్మంలే అనుకుని మేము శనగపిండి నలుగు ఇంకాస్త గట్టిగా రుద్దాం.

ఆ రెండూ, అంటే చర్మం పాడవనివ్వడం, గుడ్డు ఆలస్యం చేయడం, కలిస్తే ఏమవుతుందో ఆ రోజు ఆవిడ చెప్పింది నాకు సగమే అర్థమైంది. మిగతా సగం తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నాను. రెండోసారి ఆడపిల్ల పుట్టినప్పుడు అన్నీ వేరేగా చేశాను. అదే ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు. మీ బిడ్డకు ఇప్పటికే ఏదైనా తిండి పడకపోయినా, ఒంటిమీద ఎగ్జిమా (చర్మం ఎర్రగా, గరుకుగా మారి దురద పెట్టే జబ్బు) గట్టిగా ఉన్నా, ఇది చదివి సొంతంగా మొదలుపెట్టకండి, ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ముందు, ఈ "ఆలస్యం చేస్తే మంచిది" అనే మాట ఎక్కడిది

మన పెద్దవాళ్ళ మాట అనుకుంటాం గానీ, ఇది కొంత డాక్టర్ల మాటే. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు పాల పదార్థాలు ఏడాది దాకా, గుడ్డు రెండేళ్ళ దాకా, వేరుశనగ, గింజలు, చేపలు మూడేళ్ళ దాకా పెట్టొద్దని చెప్పింది. ఆ సలహా ప్రపంచమంతా పాకింది. పల్లీ ఎలర్జీ మాత్రం తగ్గలేదు సరికదా, ఆ దేశాల్లో పెరిగింది. 2008లో ఆ సంఘమే, ఆలస్యం చేస్తే ఉపయోగం ఉందనడానికి ఆధారం లేదని వెనక్కి తగ్గింది.

అదే ఏడాది ఒక ఆసక్తికరమైన లెక్క వచ్చింది. బ్రిటన్‌లో ఉండే యూదుల పిల్లల్ని, ఇజ్రాయెల్‌లో ఉండే యూదుల పిల్లల్ని పోల్చి చూశారు. బ్రిటన్ పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతం. రక్తం ఒకటే, తేడా పళ్ళెంలో ఉంది. ఇజ్రాయెల్లో వేరుశనగతో చేసిన బంబా అనే పఫ్స్ పిల్లలకు పళ్ళు రాకముందు నుంచే పెడతారు. దాంతో లండన్‌లో గిడియన్ లాక్ అనే డాక్టర్ బృందం ఎగ్జిమా గట్టిగా ఉన్న, లేదా గుడ్డు పడని 640 మంది పసిపిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఐదేళ్ళ వయసు దాకా వేరుశనగ తినిపించింది, రెండో జట్టుకు అసలు పెట్టలేదు. 2015లో ఫలితం వచ్చింది. పెట్టని జట్టులో 17.2 శాతం మందికి ఎలర్జీ, తినిపించిన జట్టులో 3.2 శాతం మందికే. దీన్నే లీప్ పరీక్ష అంటారు.

ఎందుకిలా అంటే, డాక్టర్లు చెప్పే వివరణ ఇది. చర్మం పగిలిన చోటు నుంచి తిండి పొడి, ధూళి ఒంట్లోకి వెళితే శరీరం దాన్ని శత్రువు అనుకుంటుంది. అదే తిండి నోటి నుంచి, పేగు నుంచి వెళితే ఇది మనదే అనుకుంటుంది. ఏది ముందు జరుగుతుందన్నదే పందెం. మా పెద్దోడి విషయంలో చర్మం గెలిచింది. మా అత్తగారి ఊళ్ళో ఇసుక నేలల్లో చెనక్కాయలు పండుతాయి (పల్లీలు అంటే మా వైపు ఎవరూ పలకరు లెండి), వసారాలో కుప్ప పోసి పదిమంది కూర్చుని వలుస్తారు, అదే చేత్తో లేచి వచ్చి బిడ్డను ఎత్తుకుని బుగ్గలు నిమురుతారు. ఆ చేతికున్న పొడి సంగతి ఆ రోజుల్లో నాకు తట్టలేదు.

ఇంకో మాట. భయపడి చావకండి. మన దేశంలో తిండి ఎలర్జీ నిజంగా తక్కువే. బెంగళూరు, మైసూరు ప్రాంతాల స్కూలు పిల్లల్లో చేసిన ఒక పెద్ద సర్వేలో వెయ్యికి ఒకరిద్దరికే అది ఉన్నట్టు తేలింది. ఉబ్బసం అలా కాదు, అది మన ఇళ్ళలో బాగానే ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే దానికి చెంచా కంటే పొగ ముఖ్యం.

1. కడుపుతో ఉన్నప్పుడు

తల్లి గుడ్డు మానేస్తే, పాలు మానేస్తే, చెనక్కాయలు మానేస్తే బిడ్డకు ఎలర్జీ రాదన్నది తప్పు. మానడం వల్ల తల్లి చిక్కిపోవడం తప్ప ఒరిగేది లేదు. మీకు పడే తిండి అంతా తినండి.

చేపల సంగతి మాత్రం నెల్లూరోళ్ళకు చెప్పాలి. డెన్మార్క్‌లో 736 మంది గర్భిణులతో ఒక పరీక్ష చేసి 2016లో ప్రచురించారు. చివరి మూడు నెలలు రోజుకు 2.4 గ్రాముల చేపనూనె ఇస్తే, ఆ పిల్లల్లో విడవని పిల్లికూతలు, ఉబ్బసం 16.9 శాతం, ఇవ్వని వాళ్ళలో 23.7 శాతం. ఒంట్లో చేపనూనె తక్కువున్న తల్లులకే లాభం ఎక్కువ కనపడింది. అది గట్టి డోసు కాబట్టి క్యాప్సూల్స్ సొంతంగా కొనుక్కుని మింగొద్దు. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు లాంటి చిన్న చేపలు వారానికి రెండుసార్లు పులుసో వేపుడో పెట్టుకుంటే చాలు. సొర మాత్రం వద్దు. పాలు పడతాయని బాలింతకు పాలసొర పెట్టడం మన తీరంలో ఆనవాయితీ, నాకూ పెట్టారు, కానీ సొర జాతి చేపల్లో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది. పాలు పడేది బిడ్డ ఎంత చప్పరిస్తే అంత, సొర వల్ల కాదు.

2. మొదటి మూడు రోజులు

పుట్టిన గంటలోపు ముర్రుపాలు. ఇది అందరికీ తెలుసు, జరిగేది వేరు. నాది మొదటిసారి సిజేరియన్. మత్తులో ఉండగానే ఎవరో డబ్బాపాలు కలిపి ఉగ్గు గిన్నెతో పోసేశారు. "పాలు ఇంకా పడలేదుగా, బిడ్డ ఏడుస్తున్నాడు" అన్నారు. పడకపోవడం కాదు, మొదటి రోజు బిడ్డ పొట్టే గోలీకాయంత ఉంటుంది, చుక్కలే చాలు. ఏడుపంతా ఆకలి కాదు.

మొదటి వారంలో, తల్లిపాలు తాగబోయే బిడ్డకు మధ్యలో ఒకటి రెండుసార్లు ఆవుపాల పొడి పోసి ఆపేయడం వల్ల తర్వాత పాల ఎలర్జీ అవకాశం పెరుగుతుందని, వీలైతే తప్పించమని యూరప్ ఎలర్జీ డాక్టర్ల సంఘం 2020లో చెప్పింది. అందుకని ప్రసవానికి వెళ్ళే ముందే, మీరు మత్తులో ఉన్నా మాట్లాడగలిగే మనిషికి, అంటే మీ అమ్మకో ఆయనకో, గట్టిగా చెప్పి పెట్టండి: డాక్టర్ రాసి ఇస్తే తప్ప డబ్బా తెరవొద్దని. షుగర్ పడిపోయినా, నెలలు తక్కువ పుట్టినా, బరువు బాగా తగ్గినా డాక్టర్ పొయ్యమంటారు, అప్పుడు పోయాలి, అందులో పంతం పనికిరాదు. డబ్బాపాలను ప్రచారం చేయడం, శాంపిల్ డబ్బాలు చేతిలో పెట్టడం 1992 చట్టం ప్రకారం నేరం. మీకు ఎవరైనా అట్లా ఇస్తే మొహమాటం లేకుండా వెనక్కి ఇవ్వండి.

తేనె నాకించడం, పంచదార నీళ్ళు, వస అరగదీసి పెట్టడం, ఆముదం తాగించడం, ఇవేవీ వద్దు. తేనె ఏడాది దాకా అసలు వద్దు, అందులో పసిపిల్లల నరాల్ని పడగొట్టే బోటులిజం క్రిమి ఉండొచ్చు.

ఇక గాడిదపాలు. మా వీధిలోకి ఇప్పటికీ గాడిదను తోలుకొచ్చి, "ఆయాసం, ఉబ్బసం పోతాయమ్మా" అని అక్కడికక్కడే పిండి చిన్న గ్లాసుతో అమ్ముతారు. మా అత్తమ్మ మా పెద్దోడికి పోయించింది కూడా. ఉబ్బసం రాకుండా ఆపుతుందని ఏ రుజువూ లేదు, పైగా కాచని పాలు పసిబిడ్డకు విరేచనాలు తెచ్చి పెట్టగలవు. రెండోసారి ఆవిడతో గొడవ పడలేదు. "డాక్టరమ్మ తిడుతుంది అత్తా" అన్నాను, పని జరిగిపోయింది. ఇంట్లో నెగ్గుకురావాలంటే డాక్టర్ పేరు వాడుకోవడమే మేలు.

3. ఆరు నెలలు నిండేదాకా

తల్లిపాలు మాత్రమే. నీళ్ళు కూడా వద్దు, మే నెల నెల్లూరు ఎండలోనైనా సరే.

తల్లిపాలు ఎలర్జీని పూర్తిగా ఆపుతాయా అంటే, నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా, అంత గట్టి రుజువు లేదు. బెలారస్ దేశంలో 17 వేల మంది తల్లీబిడ్డలతో చేసిన పెద్ద పరీక్షలో, తల్లిపాలు ఎక్కువ కాలం తాగిన పిల్లలకు ఆరున్నరేళ్ళ వయసులో ఉబ్బసం గానీ ఎలర్జీ గానీ తక్కువగా ఏమీ లేవు. కానీ విరేచనాలు, ఛాతీ జబ్బులు, జలుబుతో వచ్చే పిల్లికూతలు పసితనంలో తగ్గుతాయి, ఆ వయసులో ప్రాణం తీసేవి అవే. కాబట్టి పాలు ఇవ్వండి, ఇవ్వలేకపోతే ఎలర్జీ నా వల్లే వచ్చిందని కుమిలిపోకండి. ఎలర్జీ రాకుండా ఉంటుందని రెండింతలు ధర పెట్టి అమ్మే ప్రత్యేక డబ్బాపాలు కూడా ముందు జాగ్రత్తగా కొనొద్దు, అవి ఆపుతాయనడానికి ఆధారం నిలబడలేదు. పాల ఎలర్జీ ఉందని తేలిన బిడ్డకు డాక్టర్ రాసేది వేరే సంగతి.

బాలింత పథ్యం గురించి ఒక్క మాట. నాకు నెలన్నర రోజులు కారప్పొడి, వెల్లుల్లి, ఎండు చేపతో అన్నం పెట్టారు. పప్పు పెడితే బిడ్డకు చీము పడుతుందట, గుడ్డు తింటే దద్దుర్లట, పెరుగు జలుబట. ఏదీ నిజం కాదు. తల్లి తిండి తగ్గిస్తే బిడ్డకు ఎలర్జీ తగ్గదు. బిడ్డ దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తపు చారలు కనిపిస్తే మాత్రం అది వేరు, డాక్టర్ కొన్నాళ్ళు తల్లిని పాలు, పెరుగు మానమనొచ్చు, ఆయన చెప్తేనే మానాలి.

4. చర్మం, అందరూ వదిలేసే మెట్టు

నేను వదిలేసిందీ ఇదే. మా పెద్దోడి నలుగు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. శనగపిండిలో పాలు కలిపి, నూనె రాసిన ఒంటి మీద ముద్దలు ముద్దలుగా రుద్దుతుంటే వాడు ఎర్రగా కందిపోయేవాడు, పక్కన అమ్మలక్కలు "నూగు పోతుంది, రంగు వస్తుంది" అనేవాళ్ళు. శనగ మన దేశంలో ఎలర్జీ తెచ్చే తిండ్లలో ఒకటి. ఆ పిండిని, పాలని, పగిలిన చర్మంలోకి రోజూ నూరిపోసినట్టయింది.

చేయాల్సింది చాలా తక్కువ. గోరువెచ్చని నీళ్ళతో ఐదు పది నిమిషాల స్నానం, సబ్బు వాడితే పసిపిల్లలది మెత్తటిది, నలుగు వద్దు. తడి ఆరకముందే కొబ్బరినూనె పల్చగా పట్టించండి. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మం పైపొరను దెబ్బతీస్తాయంటారు, అవి వద్దు. టాల్కం పౌడర్ ఊపిరికి మంచిది కాదు.

బుగ్గల మీద, మోచేతి, మోకాలి మడతల్లో ఎర్రగా, గరుకుగా, దురదగా ఉండి, బిడ్డ నిద్రలో గీరుకుంటుంటే అది ఎగ్జిమా. ఊరికే పోతుందిలే అని ఊరుకోకుండా చూపించి తగ్గించుకోండి. చాలామంది స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ అనగానే భయపడతారు, నేనూ ట్యూబు దాచేశాను. డాక్టర్ చెప్పిన రోజులు చెప్పినంత రాస్తే ప్రమాదం లేదు, రాయకుండా చర్మాన్ని పుండు చేయడమే ప్రమాదం. ఎగ్జిమా ఉన్న బిడ్డకు తిండి ఎలర్జీ, తర్వాత తుమ్ములు, ఆ తర్వాత ఉబ్బసం, ఇలా ఒకదాని వెనక ఒకటి రావడం మామూలు. ఆ వరసలో మొదటిది చర్మమే.

బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు కడుక్కోవాలన్న రూలు పెట్టండి. చెనక్కాయలు వలిచిన చెయ్యి, గుడ్డు కొట్టిన చెయ్యి, పిండి కలిపిన చెయ్యి, ఏదైనా.

5. ఆరో నెల నిండిన రోజు నుంచి

మెడ నిలబడాలి, ఆనిస్తే కూర్చోవాలి, చెంచా పెడితే నాలుకతో బయటికి నెట్టకూడదు. ఇవి ఉంటే సిద్ధం. నాలుగు నెలలు నిండకముందు ఎవరు చెప్పినా గట్టి తిండి పెట్టకూడదు. ఆడపిల్లకు బేసి నెల అని ఐదో నెలలో అన్నప్రాశన పెట్టేవాళ్ళుంటారు. ఐదో నెల అంటే నాలుగే నిండాయని గుర్తుంచుకోండి. మేము ఏడో నెలకు పెట్టించాం, ముహూర్తానికి ఆలస్యం అవుతుందని అత్తమ్మ మూతి ముడిచింది గానీ, పాయసం వేలితో పెదవికి అంటించినప్పుడు నవ్వింది అందరికంటే ఆవిడే.

ఎలర్జీ అవకాశం ఎక్కువున్న పిల్లలకు నాలుగు, ఆరు నెలల మధ్యే కొన్ని మొదలుపెట్టమని కొన్ని దేశాల డాక్టర్లు చెప్తారు. అది మీ డాక్టర్‌తో తేల్చుకోవాల్సిన సంగతి. మిగతావాళ్ళకు ఆరు నెలలు నిండగానే మొదలు. మనం గుర్తు పెట్టుకోవాల్సింది, ఆరు తర్వాత ఏదీ ఏడాది దాకా దాచొద్దని.

మొదటి వారం పది రోజులు మెత్తటి అన్నం, పెసరపప్పు, నెయ్యి, రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు. ఉప్పు, చక్కెర ఏడాది దాకా అవసరం లేదు. చెంచా పక్కకు వంచితే జారకూడదు, అంత చిక్కగా ఉండాలి. నీళ్ళ పప్పుతేట పెడితే పొట్ట నిండుతుంది, ఒంటికి పట్టదు. అంగన్‌వాడీ బాలామృతం ఇస్తే మంచిదే, కానీ అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి కలిసి ఉంటాయి, ప్యాకెట్ చదివి, ఒక్కొక్కటి విడిగా పడ్డాక మొదలుపెడితే ఏది పడలేదో తెలుస్తుంది.

6. గుడ్డు

ఎలర్జీ తెచ్చే ఏ తిండైనా మొదటిసారి పెట్టే రోజు ఎలా ఉండాలంటే: పొద్దున పూట, బిడ్డకు జ్వరం జలుబు లేని రోజు, టీకా వేయించిన రోజు కాకుండా, ఆస్పత్రులు తెరిచి ఉండే రోజు. ఆదివారం సాయంత్రం బంధువుల ఇంట్లో కాదు. రెండు గంటలు మీరు కదలకుండా చూసే వీలుండాలి.

మా పాపకు పెట్టిన రోజు నాకు చేతులు వణికాయి. అన్నకు గుడ్డు పడదని తెలుసు కదా, ముందు డాక్టరమ్మను అడిగాను. పాపకు చర్మం శుభ్రంగా ఉంది కాబట్టి ఇంట్లోనే పెట్టొచ్చన్నారు. గుడ్డును నీళ్ళు మరిగాక 15 నిమిషాలు ఉడికించాను, సొన గట్టిపడి, విరిస్తే పొడిపొడిగా రాలేదాకా. తెల్లసొన, పచ్చసొన రెండూ కలిపి చెంచాతో నలిపి కొంచెం నా పాలు పిండుకుని కలిపాను. మొదట చెంచా కొనకు అంటినంత. గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు. పెదవి, మెడ, పొట్ట, మళ్ళీ పెదవి. పాప నా ముక్కు పుడక పట్టుకుని లాగుతోంది. ఏం కాలేదు. తర్వాత పావు చెంచా, కాసేపాగి ఇంకొంచెం. ఆ రోజుకి అంతే. మర్నాడు కాస్త ఎక్కువ, వారం దాటేసరికి అరగుడ్డు, వారానికి రెండు మూడుసార్లు.

పచ్చిగుడ్డు, హాఫ్ బాయిల్ పసిబిడ్డకు పెట్టొద్దు, బాగా ఉడికిందే పెట్టాలి. పచ్చసొన ముందు, తెల్లసొన ఏడాది తర్వాత అనే లెక్క పాతది. జపాన్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లలకు చర్మానికి మందు వాడుతూ ఆరో నెల నుంచి ఉడికించిన గుడ్డు పొడి కొంచెం కొంచెం పెడితే, ఏడాదికి గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్ళు 8 శాతం, పెట్టని జట్టులో 38 శాతం. మా పెద్దోడు ఆ 38లో ఒకడు.

7. చెనక్కాయ

గుడ్డు పడిన రెండు మూడు రోజులకు. ఒంటినిండా ఎగ్జిమా ఉన్నా, గుడ్డు పడకపోయినా ఇది ఇంట్లో మొదలుపెట్టొద్దు, డాక్టర్ పరీక్ష చేసి మొదటి చెంచా ఆస్పత్రిలోనే పెట్టించవచ్చు.

గింజలు గుప్పెడు తీసుకుని నల్లబడ్డవీ, ముడుచుకుపోయినవీ, బూజు వాసన కొట్టేవీ ఏరి పారేయండి. సన్నసెగ మీద మూకుట్లో వేయించి, అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదేసి, మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మొదట పొడవుతుంది, ఇంకా తిప్పితే నూనె వదిలి ముద్ద అవుతుంది. ఆ ముద్ద ఉన్నదున్నట్టు పెడితే అంగిలికి, గొంతుకు అంటుకుపోతుంది, అందుకని గోరువెచ్చని నీళ్ళలో పల్చగా జారేట్టు కలపాలి, లేదా అన్నం ముద్దలో కలిపేయాలి. ఉప్పూకారం వేసిన దోసె చట్నీ కాదు. చెంచా కొనంత, పది నిమిషాలు, మిగతాది మెల్లగా, రెండు గంటలు కనిపెట్టుకుని ఉండడం, అంతా గుడ్డుకు చేసినట్టే. అలవాటయ్యాక రెండు చిన్న చెంచాల పొడి, సుమారు 8 గ్రాములు, వారానికి మూడుసార్లు.

గింజ గింజగా మాత్రం ఐదేళ్ళ దాకా ఇవ్వకండి. చెనక్కాయ గింజ ఊపిరితిత్తిలో ఇరుక్కుంటే ఎలర్జీ కంటే ఘోరం, ఊళ్ళో వలిచే చోట పాకే బిడ్డను వదలకండి.

మిగతావి తొందర తొందరగా, రెండు మూడు రోజులకొకటి చొప్పున: పెరుగు, గోధుమ రవ్వ, వేయించిన నువ్వుల పొడి, జీడిపప్పు ముద్ద, ముళ్ళు లేకుండా రెండుసార్లు వేలితో తడిమి చూసిన చేప, మెత్తగా నూరిన రొయ్య. ఇంట్లో మీరు తినేవన్నీ. ఆవుపాలు, గేదెపాలు పెరుగుగానో వంటలోనో పర్వాలేదు, తల్లిపాల బదులు తాగే పాలుగా ఏడాది దాకా వద్దు.

ఒకసారి పడిందని వదిలేయకండి. వారంలో రెండు మూడుసార్లు పడుతూ ఉండాలి. ఊరెళ్ళి పది రోజులు మానినా కంగారు లేదు, వచ్చాక మళ్ళీ మొదలుపెట్టండి. లీప్ పరీక్ష పిల్లలను టీనేజ్ దాకా చూశారు. 2024లో వచ్చిన ఫలితం ప్రకారం ఐదేళ్ళ దాకా తిన్నవాళ్ళలో వేరుశనగ ఎలర్జీ 71 శాతం తక్కువగానే ఉంది, తర్వాత తిన్నా మానినా.

8. పడకపోతే ఎలా తెలుస్తుంది

టమాటా, నిమ్మ, బత్తాయి తగిలి నోటి చుట్టూ ఎర్రబడి, తుడిస్తే అరగంటలో పోయేది చాలావరకు ఎలర్జీ కాదు, పులుపుకు చర్మం మండడమే. తిన్న కాసేపటికే, రెండు గంటల లోపు, నోటికి దూరంగా కూడా దద్దుర్లు లేస్తే, పెదవి కన్ను ఉబ్బితే, మళ్ళీ మళ్ళీ వాంతులైతే, ఆ తిండి ఆపి అదే రోజు డాక్టర్‌కు చూపించండి. పిల్లికూతలు వినిపించినా, డొక్కలెగరేస్తున్నా, గొంతు బొంగురుపోయినా, బిడ్డ వాలిపోయినా, పాలిపోయినా 108కి ఫోన్ చేయండి, లేదా చేతిలో ఉన్న బండి ఎక్కండి. బిడ్డను పడుకోబెట్టే తీసుకెళ్ళండి, భుజాన నిలబెట్టి ఊపొద్దు. ఊపిరి బాగా కష్టమైతే మాత్రం ఒళ్ళో కాళ్ళు చాపి కూర్చోబెట్టుకోండి. ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షన్, ఇంట్లో ఉన్న ఎలర్జీ సిరప్ పోసి చూద్దామని ఆగకండి.

యాభై రకాల తిండ్లకు ఒకేసారి రక్తపరీక్ష అని వేలకు వేలు తీసుకునే ప్యానెళ్ళ జోలికి పోకండి. పైన చెప్పిన కర్ణాటక సర్వేలోనే, పరీక్ష పెడితే ఐదుగురిలో దాదాపు ఒకరికి ఏదో ఒక తిండికి పాజిటివ్ వచ్చింది, నిజంగా పడనిది వెయ్యికి ఒకరిద్దరికే. కాగితం చూసి బిడ్డకు వంకాయ, పప్పు, పాలు అన్నీ మానిపించి, ఎముకల గూడు చేసి తెచ్చిన తల్లిని నేను ఆస్పత్రి బెంచీ మీద పక్కనే కూర్చుని చూశాను.

9. ఇక ఉబ్బసం

తిండి సరిగ్గా పెడితే గుడ్డు, వేరుశనగ ఎలర్జీ బాగా తగ్గుతాయి, అది రుజువైంది. ఉబ్బసం మీద తిండి ప్రభావం అంత కాదు. దాని వెనక ఉండేవి ముఖ్యంగా మూడు: వంశంలో ఉండటం, జలుబు వైరస్‌లు, పొగ. మొదటి రెండు మన చేతిలో పెద్దగా లేవు, మూడోది ఉంది.

మా పుట్టింటి పక్కన పొగాకును సెగ పెట్టి ఆరబెట్టే బ్యారన్లున్నాయి. సీజన్లో రాత్రీ పగలూ కట్టెలు మండుతూనే ఉంటాయి. అవి మాన్పించడం నా వల్ల కాదు, కానీ కాన్పుకు వెళ్ళేది ఆ నెలల్లో కాకుండా చూసుకున్నాను. చీమకుర్తి వైపు ఉండేవాళ్ళు గ్రానైట్ దుమ్ముకు గాలివాటం కిటికీలు మూసి, తడిగుడ్డతో తుడుచుకోవాలి, చీపురుతో లేపకూడదు. ఇంట్లో బీడీ, చుట్ట, సిగరెట్ కాల్చేవాళ్ళు బయటికెళ్ళి కాల్చి వచ్చి చొక్కా మార్చుకోకుండా బిడ్డను ఎత్తుకోవద్దు, మానేస్తే ఇంకా మంచిది. మా మామగారిది చుట్ట. "ముప్పై ఏళ్ళ నుంచి కాలుస్తున్నా, నీ మొగుడికి ఏమైంది" అన్నారు. ఆయన కొడుక్కి ఇన్హేలర్ ఉందని గుర్తు చేశాను, ఆ తర్వాత వాకిట్లో వేపచెట్టు కిందికి మారారు.

సాంబ్రాణి. నీళ్ళు పోశాక బిడ్డను పొగ మీద ఆడించకపోతే తల ఆరదు, జలుబు చేస్తుంది అంటారు. నేరుగా ఊపిరితిత్తిలోకి పొగ పట్టించడమే అది. తల మెత్తని తువ్వాలుతో తుడిస్తే ఆరుతుంది. ఆచారం తప్పిందని బాధపడే పెద్దవాళ్ళుంటే, దేవుడి గదిలో వేసి తలుపు దగ్గరికి వేయమనండి, బిడ్డ వేరే గదిలో ఉంటుంది.

నెల్లూరు దోమల గురించి మీకు నేను చెప్పేదేముంది. కానీ మూసిన గదిలో కాయిల్ పెట్టొద్దు. ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో ఒక పరిశోధన లెక్క కట్టింది. ఉయ్యాలకు దోమతెర కట్టండి.

జలుబు చేసిన ప్రతిసారీ పిల్లికూతలు వస్తే ఉబ్బసం అని వెంటనే ముద్ర వేయొద్దు, ఐదేళ్ళ లోపు చాలామందికి అది తగ్గిపోతుంది. కానీ చూపించుకోవాలి, ఇన్హేలర్ రాస్తే వాడాలి, అలవాటైపోతుందని మానొద్దు. మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాద్ రైలెక్కాలనుకుంటే మీ ఇష్టం, రుజువు మాత్రం లేదు, ఆ రద్దీలో పసిబిడ్డను తీసుకెళ్ళకండి.

మా పెద్దోడికి ఇప్పుడు ఆరేళ్ళు. నాలుగో ఏట డాక్టర్ల ఎదుట గుడ్డు వేసి కాల్చిన కేకు ముక్కతో మొదలుపెట్టి, మెల్లగా ఉడికిన గుడ్డు దాకా వచ్చాడు. పచ్చిగుడ్డు ఇంకా పడదు, అందుకని వాడి స్కూలు బ్యాగులో ఒక చీటీ ఉంటుంది. పాప మాత్రం వాడి పళ్ళెంలోది కూడా లాక్కుని తింటుంది. మంగళ, శుక్ర, ఆదివారాల కింద క్యాలెండర్ మీద "చె" అని పెన్సిల్‌తో గీసి పెట్టాను, ఆ రోజు పొడి కలపడం ఎవరి వంతైతే వాళ్ళు టిక్కు పెట్టాలి. పోయిన నెల ఎక్కువ టిక్కులు మా అత్తమ్మవే.